లోయలో ఎండ

“ఏంది అంకుల్ ఇది? మోసం కాదా?”

గీతిక గద్దించేసరికి ఫోన్లో నడుస్తున్న లైవ్ టూరు టక్కున ఆగిపోయింది. తెర మీద మలేషియాలోని లెంగ్‌గాంగ్ అనే లోయ ఊరు. స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు, మెట్ల మొదట్లో కాళ్లు కడుక్కోవడానికి నీళ్ల జాడీ. అన్నిటి మీదా మాడ్చేసే ఎండ.

“జర్మనీల ఇప్పుడు సాయంత్రం. అంటే మీ దగ్గర రాత్రి. రాత్రిపూట ఎండ యాడికెల్లి వచ్చింది? లైవ్ అని చెప్పి పాత వీడియో చూపిస్తున్నరు!”

అవతల ఉన్నది గైడ్ బ్రహ్మయ్య. ముత్తాతల కాలంలో మలేషియా వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది.

“తప్పేనమ్మా. కరోనా అని దారులన్నీ మూసేసినారు. మా ఊరు ఎల్లలేక మేనల్లుడి గదిలో ఇరుక్కుపోయినాను. బయట కనబడితే పోలీసులు ఊరుకోరు. ఎవరికీ చెప్పకు తల్లీ, నీకు పుణ్యముంటాది.”

గీతికకి ఒళ్లు మండిపోయింది. పాజిటివ్ వచ్చి జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో హాస్టల్ గదిలో ఒక్కతే పడి ఉంది. కింద లాండ్రీ గదిలో ఎప్పుడో చూసిన ప్రకటన కాగితం గుర్తొచ్చి, ‘లోయలో నడుద్దాం, తెలుగులో కూడా’ అన్న మాటలకి మురిసిపోయి ఈ టూరు పెట్టించుకుంది. గట్టిగా నాలుగు మాటలు అనబోయింది. దగ్గు తెర ముంచుకొచ్చింది. అది ఆగలేదు.

“ఏటమ్మా? ఏటైంది?”

“ఊపిరి... ఆడ్తలేదు.”

“ఓలమ్మా! అంబులెన్సుకి ఫోన్ చెయ్యి!”

“పొద్దుగాల గిట్లనే ఐతే చేసిన. అడ్రస్ చెప్పేలోపు... మాట పడిపోయింది. గోడ కొట్టిన. ఎవ్వరు రాలే. భయం ఐతాంది అంకుల్. గీ గదిలనే సచ్చిపోతనేమో!”

“అలగనకు! నీ రూము నంబరు చెప్పు. అంబులెన్సుకి నాను చెప్తాను.”

మలేషియా నుంచి జర్మనీ అంబులెన్సుకా! గీతికకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అయినా నంబరు చెప్పింది. మునిగిపోయేవాళ్లు దేన్నైనా పట్టుకుంటారు కదా.

కాసేపు ఫోను మూగబోయింది. ఈయన కూడా వదిలేశాడు, అంతే అనుకుంది గీతిక. అంతలో మళ్లీ ఆ గొంతు.

“చెప్పేసినాను, బయల్దేరినారు. నువ్వు తలుపు తాళం తియ్యమ్మా.”

“నాతోని కాదు.”

“పాక్కుంటూ ఎల్లు. నాను మాటాడతానే ఉంటాను. మా ఊళ్లో ఇంటికొచ్చినోళ్లు ఆ జాడీలో నీళ్లతో కాళ్లు కడుక్కునే మెట్లెక్కాల. నీకు నయమైతే నిన్ను తీసుకెళ్లి కూకోబెడతాను ఆ ఇంటి అరుగు మీద. ఎల్లమ్మా, ఎల్లు!”

మంచం మీంచి జారింది. నేల చల్లగా తగిలింది. ఫోన్లో ఆయన కూడా రొప్పుతున్నాడు, చెప్పుల చప్పుడు టపటపమంటోంది. ఎక్కడో మెట్ల మీద ఉన్నట్టున్నాడు. పోలీసులు పట్టుకుంటారని వణికిన మనిషి ఈ వేళప్పుడు ఎటు పరుగెడుతున్నాడు, పిచ్చాయన! తలుపు దాకా పాకి, రెండు చేతులూ పైకి చాచి తాళం తిప్పింది. ఇక ఓపిక లేక తలుపుకే ఆనుకుని కూలబడింది.

“అంకుల్... ఉన్నరా?”

“ఉన్నానమ్మా. వచ్చేసినాను.”

తలుపు మీద ఎవరో దబదబా బాదారు.

ఆ చప్పుడు ఫోన్లోంచి కూడా వినిపించింది.