చప్పుడు కాని గిటారు

"అయిదు వాట్లు మీ ఇంటికి ఎక్కువండీ" అన్నాడు గిటార్ల షాపు సేల్స్‌మన్, కొనడానికొచ్చినాయన ముచ్చటపడి చేతిలోకి తీసుకున్న, గిటారు మోత పెంచే చిన్న ఆంప్‌ను మెల్లగా లాక్కుంటూ.

కళ్లజోళ్లాయన ముఖం చిన్నబోయింది. కళ్లజోళ్లకి అద్దాలు అరగదీసి బిగించడం ఆయన పని. రోజంతా వెంట్రుకవాసి తేడా రాకుండా చూసుకునే మనిషి, ఇంట్లో వాయించుకోవడానికి ఏ ఆంప్ కొనాలో తేల్చుకోలేక మూడు వారాలుగా కొట్టుకుపోతున్నాడు. ఇప్పుడున్నది పెళ్లికి ముందు స్నేహితులతో కలిసి స్టేజీల మీద వాయించిన రోజులది. బీరువాలో సగం ఉంటుంది. వాల్యూమ్ ఒకటి మీద పెట్టినా చాలు, సాయంత్రం ఏడు దాటగానే కిందింటివాళ్లో పక్కింటివాళ్లో వచ్చి తలుపు కొడతారు. వాళ్లకి సర్దిచెప్పి పంపే పని భార్యది. పోయిన ఆదివారం ఆవిడ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. ఇంట్లో ఆ చప్పుడైనా ఉండాలి, తానైనా ఉండాలి.

"గిటారు అమ్మేద్దామనే అనుకున్నానండీ. పద్దెనిమిదేళ్ల అలవాటు, మనసు రాలేదు. తను లేకుండా మాత్రం నేను ఉండలేను. చివరికి తనే జాలిపడి మీ షాపు పేరు చెప్పింది. ఇక్కడైతే మంచి సలహా దొరుకుతుందట."

"మా అదృష్టం" అన్నాడు సేల్స్‌మన్.

వాడి ఓపికకి దణ్ణం పెట్టాలి. అవసరం లేని సామాను అంటగట్టేవాళ్లని బోలెడుమందిని చూశాం గానీ, కొంటానన్నది వద్దని లాక్కునేవాడు ఎక్కడైనా తగులుతాడా? ఇంట్లో గదులెన్ని, గోడలు మందమా పలచనా, వాయించేది ఏ వేళప్పుడు అని ఒక్కొక్కటే అడిగాడు. ఈయన కూడా డాక్టరు దగ్గర కూర్చున్నట్టు ఏదీ దాచకుండా చెప్పుకొచ్చాడు. ఉన్నవి మూడు గదులు. ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా వెనకగదిలో వాయిస్తాడు. ఆ వేళకి ఆవిడ ముందుగదిలో టీవీ చూస్తూ ఉంటుంది.

తర్వాత కాలితో తొక్కే పెడల్స్ దగ్గరికి వచ్చారు. కళ్లజోళ్లాయన కాలు నేరుగా గిటారు మోతని బరబరలాడించే డిస్టార్షన్ పెడల్ మీదికి పోయింది. షాపులో గిటారు తీసుకుని, దాన్ని తొక్కి, నాలుగు వరసలు వాయించాడు. గాజు తలుపులు జివ్వుమన్నాయి. ఆయన నిజంగానే బాగా వాయిస్తాడు. సేల్స్‌మన్ కూడా ఒక్క క్షణం పని మరిచిపోయి విన్నాడు, బాగుందని ఒప్పుకున్నాడు. ఆ వెంటనే ఆ పెడల్ తీగ పీకేసి, ఇది గనక ఇంటికి తీసుకెళ్తే కాపురం రోడ్డున పడుతుందని నవ్వాడు. దాని బదులు డ్రమ్ముల పెడల్ ఒకటి ఇచ్చాడు. ఒకసారి తొక్కితే తాళం మొదలవుతుంది, మళ్లీ తొక్కేదాకా ఆగదు. దాంతో పాటు వాయిస్తూ కూర్చుంటే రెండు గంటలు రెండు నిమిషాల్లా గడిచిపోతాయి.

ఆంప్ అయితే అరచేతిలో ఇమిడిపోయింది. దానికి స్పీకరే లేదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే. హెడ్‌ఫోన్స్ కూడా వాడే ఏరి తెచ్చాడు, చెవుల్ని పూర్తిగా కప్పేసే మందపు మెత్తలున్నవి. కళ్లజోళ్లాయన పెట్టుకుని తాళం మీద గిటారు వాయించి చూశాడు. ఎదురుగా సేల్స్‌మన్ పెదాలు కదులుతున్నాయి గానీ ఒక్క ముక్క వినపడలేదు.

"ఏమన్నారు?" అన్నాడు హెడ్‌ఫోన్స్ తీసి.

"ఏం లేదండీ. వినపడుతుందేమో చూశాను."

"మరీ ఇంతగా మూసేస్తే ఎలాగండీ? ఎవరైనా వచ్చి బెల్లు కొట్టినా తెలీదు."

"ఇంట్లో మేడంగారు ఉంటారు కదా. తలుపు తీస్తారు."

అదీ నిజమేననిపించింది. అప్పుడు ఆయన కాస్త సిగ్గుపడుతూ తన మనసులో మాట బయటపెట్టాడు. చప్పుడే లేనప్పుడు వెనకగదిలో ఒంటరిగా ఎందుకు, ముందుగదిలో సోఫా మీదే కూర్చుని వాయించుకోవచ్చు కదా. ఆవిడ టీవీ ఆవిడది, తన పాట తనది. ఎన్నేళ్లయిందో ఇద్దరూ సాయంత్రంపూట ఒక్కచోట కూర్చుని.

సేల్స్‌మన్ తల అడ్డంగా ఊపాడు.

"టీవీ దగ్గర వాయిస్తే గిటారులో రొద వస్తుందండీ. పైగా ఉత్త తీగల చప్పుడైనా ఆవిడ చెవిన పడుతుంది. మళ్లీ మొదటికొస్తుంది గొడవ. వెనకగదిలోనే కూర్చోండి, తలుపు వేసుకోండి. తొమ్మిదింటి దాకా లేవకండి."

"మీరు చెప్పాక ఇంకేముంది" అన్నాడు కళ్లజోళ్లాయన. కొంచెం బాధగానే అన్నాడు గానీ, ఆవిడ ఇల్లు వదిలి వెళ్లదన్న ధీమా ముందు ఆ బాధ ఎంత? ఇంకేం అడగకుండా అన్నీ కట్టించుకున్నాడు. హెడ్‌ఫోన్స్ మాత్రం సేల్స్‌మన్ ఊరికే ఇచ్చేశాడు, తన తరఫున కానుక అనుకోమన్నాడు. దాంతో ఈయన కళ్లు చెమ్మగిల్లాయి. వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మా కాపురం నిలబెట్టారండీ. తనకి మీ గురించి చెప్తాను."

"చెప్పండి" అన్నాడు సేల్స్‌మన్.

సంచి గుండెకి హత్తుకుని కళ్లజోళ్లాయన రోడ్డు దాటాడు. దాటాక వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు కూడా. సేల్స్‌మన్ చెయ్యి ఊపి, లోపలికొచ్చి, అయిదు వాట్ల ఆంప్‌ను తుడిచి అరలో పెట్టాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. మొదటి రింగుకే అవతల ఎత్తారు.

"రేపు ఏడింటికి వస్తా, మీ ఆయనకి ఏమీ వినపడదు."