వడపోత

విమానంలో ఆయన్ని అందరూ గద్దకన్ను అంటారు. ఆ పేరు ఆయనే పెట్టుకున్నాడు. పెట్టేంత తీరిక ఇంకెవరికీ లేదు.

ఆ విమానం వీపు మీద, రెండు పెద్ద పళ్లేలు మూతికి మూతి ఆనించినట్టు ఒక గుమ్మటం ఉంటుంది. లోపల రాడార్. గుమ్మటం మొత్తం మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. ఒక్కో చుట్టులో నాలుగు దిక్కులూ చూసి, తెర మీద చుక్కలు కొత్తగా పెడుతుంది. తిరిగేది గుమ్మటం, చూసేది రాడార్. గొప్ప మాత్రం గద్దకన్నుది.

ఆ రోజు ఉత్తుత్తి యుద్ధం. ఒక బుల్లి విమానం నేలని ఆనుకున్నంత కిందుగా వచ్చి స్థావరం మీదుగా పోవాలి. ఈయన దాన్ని ముందే పసిగట్టాలి. పట్టుకుంటే కొత్త శిక్షణ కేంద్రానికి పెద్ద ఈయనే. లేకపోతే ఆ కుర్చీ బుల్లి విమానం నడిపేవాడిది. ఆ నడిపేవాడు ఈయనకి స్వయానా తోడల్లుడు. అత్తారింట్లో చిన్నల్లుడికి తనకన్నా ఒక గరిటె ఎక్కువ వడ్డిస్తారని ఈయనకి ఎప్పట్నుంచో ఏడుపు.

“వాడిది విమానం కాదు, తుమ్మితే ఊడే ముక్కు. నడిచినట్టు పోతుంది. వడపోత కాస్త వదులు చెయ్యండి,” అన్నాడు.

పైనుంచి చూసే రాడార్‌కి కొండలూ ఇళ్లూ కూడా తగులుతాయి. అందుకని కదలనివాటినీ, నెమ్మదిగా కదిలేవాటినీ యంత్రం వడగట్టి పారేస్తుంది. ఎంత నెమ్మదివాటిని పారెయ్యాలో పుస్తకంలో ఉంది. పుస్తకాలు చదివేది చేతకానివాళ్లని ఆయన నమ్మకం. వదులు చేశారు.

కాసేపటికి తెర మీద చుక్క మెరిసింది.

“వచ్చాడు. చెట్లు రాసుకుంటూ వస్తున్నాడు చూడండి.”

మిగతా దిక్కులు చూస్తున్నవాళ్లని కూడా పిలిచి చూపించాడు. వాళ్లూ వచ్చి ఆహా అన్నారు. అనకపోతే సెలవులు దొరకవు.

కింద స్థావరంలో ఉన్న అధికారులందరూ తన ప్రతాపం వినాలని మైకు బటన్ నొక్కే ఉంచాడు. నొక్కి ఉంచినంతసేపూ కిందివాళ్ల మాట పైకి రాదు. అదీ ఆయనకి హాయే.

“ఆ వంకర టింకర పోవడమేంటి? తాగినవాడు నయం. వీడికి నేర్పినవాడెవడో, వాడి కాళ్లకి దండం పెట్టాలి.”

గుమ్మటం ఇంకో చుట్టు తిరిగింది. చుక్క లేదు. మరో చుట్టు. లేదు. గద్దకన్ను మొహం మాడిపోయింది. శిక్షణ కేంద్రం కుర్చీలో తోడల్లుడు కాలు మీద కాలేసుకుని కనిపించాడు. మరో చుట్టు తిరిగాక, సరిగ్గా పోయిన చోటే చుక్క మళ్లీ వెలిగింది.

“కొండ చాటున నక్కాడు, పిరికిపంద. మొహం చూపించే ధైర్యం కూడా లేదు. ఇలాంటి మనిషిని కట్టుకున్నవాళ్ల కొంప మునిగినట్టే.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చుక్క స్థావరం వైపు తిరిగింది. గేటు దగ్గరకంటా వచ్చింది.

“కాల్చండి.”

ఉత్తుత్తి యుద్ధంలో కాల్చడమంటే మీట నొక్కడమే. చుక్క మీద ఎర్రటి అడ్డగీతలు పడ్డాయి. చప్పట్లు మోగాయి. గద్దకన్ను మీసం సవరించుకుని, మైకులో తీరిగ్గా పలకరించాడు.

“ఏం తమ్ముడూ, ఉన్నావా, పోయావా?”

అప్పటికి గానీ బటన్ మీంచి వేలు తియ్యలేదు. కింది నుంచి తోడల్లుడి గొంతు ఎంతో వినయంగా వచ్చింది.

“నేను స్థావరం మీదుగా పోయి, దిగి, టీ కూడా తాగేశాను అన్నయ్యా, మీరు ఇందాకట్నుంచి తిట్టి తిట్టి కాల్చింది, మీ గెలుపు చూద్దామని హైవే మీద పరుగున మన గేటు దాకా వచ్చిన వదిన కారుని.”