నీలం కోటు ఆయమ్మ

ఆ ఇంటి కోడలికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకి ఆపడం ఒక జబ్బు.

తిరిగే ఫ్యాను ఆపుతాడు. వెలిగే లైటు ఆపుతాడు. మాట్లాడుతున్న పెళ్లాన్ని సగంలో ఆపుతాడు. మునిసిపల్ కౌన్సిలరు అయ్యాక ఇల్లు చాలక ఊరి మీద పడ్డాడు.

ఆయన వల్ల కానిది ఒక్కటే, వాళ్లమ్మ నోరు. దాన్ని పక్షవాతం ఆపింది.

ఆస్పత్రిలో ఏడో నంబరు మంచం మీద పెద్దావిడ కళ్లు తిప్పుతోంది, పెదవులు కదుపుతోంది. మాట మాత్రం రావడం లేదు. ఇరవై ఐదేళ్లుగా ఆ వాగ్ధాటికి చెవులు మూసుకున్న కోడలు, ఇప్పుడు ఒక్క తిట్టు వినపడితే చాలని మంచం పట్టుకుని కూర్చుంది.

"నెలలోపు వస్తే వచ్చినట్టు," అన్నాడు డాక్టరు. "లేకపోతే కష్టమే."

మొదటి రోజు సాయంత్రం, నీలం కోటు వేసుకున్న ఒకామె మంచం దగ్గర ఆగింది. నలభై ఏళ్లుంటాయేమో.

"ఆయమ్మా, ఈ దిండు కాస్త సర్దు," అన్నాడు కౌన్సిలరు.

ఆమె సర్దింది.

"ఆ చేత్తోనే ఆ నీళ్ల జగ్గు కూడా."

నింపుకొచ్చింది.

అప్పటి నుంచి ఆమె ఆయమ్మ అయిపోయింది. కాదని ఆమె అనలేదు. ఎవరమ్మా నువ్వు అని వీళ్లు అడగలేదు.

పనిచేసినంతసేపూ కూనిరాగం తీసేది. పనయ్యాక పెద్దావిడ ఎడమ చెయ్యి తీసుకుని, వేళ్లతో మెల్లగా తడుతూ, "నీ...ళ్లు... కా...వా...లి" అని పాడేది. ఒక మెట్టు పైకి, ఒక మెట్టు కిందికి. మళ్లీ అదే. యాభై సార్లు అదే.

"ఏంటమ్మా ఈ గోల? ఇది ఆస్పత్రా, పాటకచేరీనా?"

"పెద్దమ్మకి ఊసుపోవాలి కదా సార్," అని గొంతు తగ్గించేది. మానేది మాత్రం కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె దుప్పటి మారుస్తుంటే, కౌన్సిలరు పెళ్లానికి తన ఘనకార్యం చెప్పుకున్నాడు.

"ఊళ్లో పాటలకీ బొమ్మలకీ నాటకాలకీ ఇచ్చే గ్రాంటు ఉంది చూడు, మొత్తం ఎత్తేయించాను. ఒకటో తారీకు నుంచి రద్దు. పాడేవాడు ఎలాగూ పాడతాడు, దానికి ప్రజల సొమ్మెందుకు, దండగ! ఇదిగో, ఇలా ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకి ఇస్తే అర్థముంది. ఏమంటావ్ ఆయమ్మా?"

"ఒకటో తారీకంటే ఎల్లుండే కదా సార్," అంది ఆమె, దుప్పటి అంచు దోపుతూ.

అంతే అంది. పెద్దావిడ చెయ్యి అందుకుని మళ్లీ మొదలుపెట్టింది.

ఒకటో తారీకు వచ్చింది, పోయింది. ఆమె రోజూ వస్తూనే ఉంది. కోటు మాత్రం లేదు.

"కోటేదమ్మా?" అని అడిగింది కోడలు.

"ఇచ్చేశానక్కా. ఉక్కగా ఉంటోంది కదా."

ఆ నెల మూడో వారం చివర్లో ఒకరోజు, కౌన్సిలరు వార్డులోకి వస్తూనే అలవాటుగా ఫ్యాను ఆపాడు.

మంచం మీద నుంచి, మెట్లెక్కుతున్నట్టు, సన్నగా ఒక గొంతు లేచింది.

"ఫ్యా...ను... వె...య్య...రా... పీ...నా...సీ..."

కోడలి చెవిన అంత కమ్మని తిట్టు ఎన్నడూ పడలేదు. గబగబా వెళ్లి ఆయమ్మ చేతులు రెండూ పట్టుకుంది. ఏమనాలో తోచక ఏడ్చింది.

"పాట పట్టుకుని మాట వచ్చేసిందక్కా," అంది ఆయమ్మ. "ఇక పాట వదిలేసినా పడిపోదు."

"మాత్రలు పనిచేశాయి," అన్నాడు కౌన్సిలరు, స్విచ్చు వేస్తూ. "పెద్ద డాక్టరు హస్తవాసి అలాంటిది."

రెండు రోజుల తర్వాత పెద్దావిడని ఇంటికి తీసుకెళ్లమన్నారు. కోడలు ఆయమ్మ కోసం పళ్ల బుట్ట తెచ్చింది. వింతల్లోకెల్లా వింత, మొగుడు కూడా ఒక నోటు మడిచి జేబులో పెట్టుకొచ్చాడు.

"సిస్టర్, మన ఆయమ్మ కనపడదేం?" అని అడిగింది కోడలు.

"ఏ ఆయమ్మండీ? ఈ వార్డుకి ఆయా లేక ఏడాది దాటింది."

"అదేనమ్మా, పాటలు పాడుతూ దుప్పట్లు మార్చేది."

నర్సు చేతిలోని ఫైలు మూసింది.

"ఆవిడ ఆయా కాదండీ. నోట మాట పోయినవాళ్లకి పాటతో మాట నేర్పే టీచరు. దుప్పట్లు ఆవిడ పని కాదు. చేసే దిక్కు లేక చేసేది. కళల గ్రాంటు మీద వేసిన పోస్టు, ఒకటో తారీకునే తీసేశారు. ఏడో మంచం పెద్దమ్మ నోరు విప్పేదాకా కదలనని, జీతం లేకుండా మూడు వారాలు వచ్చింది. ఎన్నాళ్లని వస్తుంది, తనకీ ఇల్లుంది కదా? ఇంకో ఊళ్లో పని దొరికి నిన్ననే వెళ్లిపోయింది."

ఎదురు మంచం మీది లారీ డ్రైవరు కూడా ఆవిడ దగ్గరే మూడు మాటలు నేర్చి నాలుగోదాని దగ్గర ఉండిపోయాడు. నోరు తెరిచి ఏదో అనబోయి, రాక, తన పక్కనున్న ఖాళీ స్టూలు వైపు చెయ్యి చూపించాడు.

కోడలు మొగుడి వైపు చూడలేదు.

చక్రాల కుర్చీలోంచి పెద్దావిడే అడిగింది. ఈసారి రాగం లేదు. మాట పక్కన మాట పేర్చుకుంటూ అడిగింది.

"ఎవర్రా... ఆ పిల్ల పని... తీసేసింది?"

నర్సు నేల చూసింది.

"నేనేనమ్మా," అన్నాడు కౌన్సిలరు, వార్డంతా వినేలా. "నీకు మాట తెచ్చిపెట్టిన మనిషిని దండగ అన్నాను. తప్పు నాదే."