అత్తగారి చెయ్యి

"కాస్త చూడండి అత్తయ్యా, ఆలస్యమైపోతోంది!" భుజాన సంచి తగిలించుకుని గుమ్మంలోంచే అంది కోడలు.

అత్తగారు మనవరాలి నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. పిల్ల ఖళ్లుఖళ్లున దగ్గింది.

"చల్లగానే ఉందమ్మాయ్. ఉత్త దగ్గే. ఆ ఫ్యాను మాత్రం ఆపేసి వెళ్లు."

జ్వరాల విషయంలో ఆ ఇంట్లో ఆ చేతిదే తీర్పు. థర్మామీటరు బ్యాటరీ అయిపోయి ఏ సొరుగులోనో పడుంది. ఒకసారి వంట మధ్యలో లేచొచ్చి కోడలు పాప నుదురు చూడబోతే, "పొయ్యి దగ్గర్నుంచి వచ్చి చూస్తావేంటి? వేడి చేతికి వేడి తెలీదు" అని నవ్వుతూ పక్కకి నెట్టింది అత్తగారు. అప్పట్నుంచీ ఆ శాఖ పూర్తిగా ఆవిడకే వదిలేశారు.

కోడలు బతుకుజీవుడా అనుకుంటూ కళ్లజోళ్ల దుకాణానికి పరుగెత్తింది. ఇంకో సెలవంటే యజమాని మొహం ఎలా మాడిపోతుందో ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం ఫోను. "పిల్ల డొక్కలెగరేస్తోందే అమ్మాయ్! ఊపిరందట్లేదు!"

ఆసుపత్రిలో పాపకు ఆక్సిజన్ పెట్టించి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"న్యుమోనియా. ఈ జ్వరం ఇప్పటిది కాదు. పొద్దున చూడలేదా?"

"మా అత్తయ్య చెయ్యి పెట్టి చూశారు..."

"చెయ్యేంటమ్మా ఈ రోజుల్లో! దగ్గే పిల్ల ఊపిరి గబగబా తీస్తుంటే, జ్వరం ఉన్నా లేకపోయినా వెంటనే తీసుకురావాలి."

కోడలు గిర్రున వెనక్కి తిరిగింది. "మీ చేతిని నమ్మి పిల్లని పోగొట్టుకునేదాన్ని అత్తయ్యా!"

అత్తగారు అంత ఎండలోనూ శాలువా కప్పుకుని, బల్ల ఆ చివర ముడుచుకు కూర్చుంది. సన్నగా వణుకుతోంది. తప్పు చేస్తే వణుకు రాదూ మరి, అనుకుంది కోడలు. ఇచ్చిన టీ ముట్టకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది ఆవిడ. ఏడుపు ఆపుకుంటోంది కాబోలు.

సాయంత్రానికి పాప ఊపిరి కాస్త కుదుటపడింది. "మందు పని చేస్తోంది, ఇక భయం లేదు" అంది డాక్టరమ్మ.

కోడలు కిందికెళ్లి కొత్త థర్మామీటరు కొంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మెట్లెక్కుతుంటే మనసు పీకడం మొదలుపెట్టింది. పొద్దున తన చెయ్యి ఒక్కసారి పెట్టి చూస్తే ఏం పోయేది? వేడిగా తగిలితే ఇంట్లో ఉండిపోవాలి, అందుకే పెట్టలేదు. 'చల్లగా ఉంది' అనిపించుకుని పారిపోదామనే చూసింది. తీరా నెత్తి మీదికొచ్చాక నింద మోయడానికి ఆ ముసలావిడ దొరికింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది కోడలికి.

వెళ్లి పక్కన కూర్చుంది. "క్షమించండి అత్తయ్యా. తప్పు నాది. మీ చెయ్యేం చేసింది పాపం!"

"ఎప్పుడూ అబద్ధం చెప్పని చెయ్యే ఇది" అంది అత్తగారు బొంగురుపోయిన గొంతుతో. "ఇవాళ దీనికేం మాయరోగమొచ్చిందో!"

కోడలు ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది.

అది నిప్పులా కాలిపోతోంది.