సీసా మూత గుర్రం

"ఈ ఎండాకాలం నిన్ను ఒక్కసారి కొండ పైదాకా తీసుకెళ్లాలమ్మా" అన్నాడు తండ్రి, చదరంగం బల్ల మీద పావుల్ని తడుముతూ.

కూతురికి నవ్వొచ్చింది. "నువ్వు నన్ను తీసుకెళ్తావా? గుమ్మం దాటాలంటే నా భుజం కావాలి నీకు."

"భుజం నీదే. తీసుకెళ్లేది నేను. చాన్నాళ్లుగా మనసులో ఉంది."

ఊరందరికీ కళ్లద్దాలు అమ్మే మనిషి ఆమె. సొంత తండ్రికి మాత్రం ఏ అద్దమూ పనికిరాకుండా పోయింది. నీటికాసుల జబ్బు రెండు కళ్లనూ తినేసింది. అయినా ఆయన చదరంగం మానలేదు, పావుల్ని వేళ్లతోనే గుర్తుపడతాడు. తెల్లవాటిలో ఒక గుర్రం లేదు. ఎన్నో ఏళ్లుగా దాని బదులు సీసా మూత ఆడుతోంది.

ఆ గుర్రం ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆయన పెట్టిన కొండలెక్కే క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. కొండ కింద వాగులో ఒక రాయి ఏరుకుని జేబులో వేసుకోవాలి. శిఖరం మీది రాళ్లకుప్పలో దాన్ని పెట్టినవాళ్లకే బ్యాడ్జి. కూతురు ఏడేళ్లప్పుడు వాగురాయి వద్దని మొండికేసింది. చదరంగంలోంచి కాజేసిన పాలరాతి గుర్రాన్నే పెడతానంది.

"అదీ రాయేగా. చెల్లుతుంది" అన్నాడు తండ్రి.

అందరికంటే వెనక, నాన్న వేలు పట్టుకుని ఎక్కింది. గుర్రాన్ని కుప్పలో దాచి బ్యాడ్జితో దిగింది. ఆ రోజు గురించి ఇప్పుడు ఆమెకు గుర్తున్నదల్లా చెవుల్లో గాలి, కాళ్ల నొప్పులు, నాన్న చప్పట్లు.

బ్యాడ్జి ఇప్పటికీ ఆమె షాపులో, కౌంటరు పైన అద్దాల పెట్టెలో ఉంది. డ్రైవింగు పరీక్షకు వెళ్లినా, కాన్పు గదిలోకి వెళ్లినా, 'ఏడేళ్లకే శిఖరం ఎక్కినదాన్ని, ఇదో లెక్కా' అనుకునేది. మళ్లీ ఆ కొండ మొహం చూడలేదు. ఒకసారి ఎక్కేసిందే కదా.

పైగా అది ఊరికే వచ్చిన బ్యాడ్జి కాదు. డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన ఆయన దగ్గర మొహమాటాలుండవు. శిఖరం కనిపిస్తుండగా కూలబడిపోయిన సొంత బావమరిదికే బ్యాడ్జి ఇవ్వనన్నాడు. మావయ్య ఇప్పటికీ ఈ ఇంటికొస్తే మూతి ముడుచుకునే కూర్చుంటాడు.

ఆదివారం పొద్దున్నే క్లబ్బువాళ్లతో బయల్దేరారు. ఇప్పటి లీడరు ఒక ప్లంబరు, మాస్టారి దగ్గరే కొండలు నేర్చుకున్నవాడు.

"మీరు నిదానంగా రండి మాస్టారూ. మేం పైన ఉంటాం" అని మిగతావాళ్లను తీసుకుని ముందుకు సాగిపోయాడు.

ఆమె ముందు, ఆమె భుజం మీద చెయ్యేసి ఆయన వెనక. "ఎత్తు... కొమ్మ ఉంది, వంగు... ఎడమకి" అంటూ ఆమె నడిపిస్తోంది.

"కాళ్లు పీకుతుంటే చెప్పు. దాచుకోకు" అన్నాడాయన మధ్యలో.

"నాకేం? నువ్వు చూసుకో."

ఎండ ఎక్కింది. కాస్త చదునుగా ఉన్నచోటికి చేరారు. అక్కడినుంచి దారి జారుడురాళ్ల మీదుగా నిట్టనిలువుగా పైకి పోతోంది. ఆమె అక్కడే ఆగిపోయింది.

పెద్దవాడు, ఈ ఎండలో ఏమైనా అయితే ఎలా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. కానీ ఆయన రొప్పడం లేదు. రొప్పుతున్నది తనే.

బండ పక్కన, సగం గడ్డి కప్పేసిన చిన్న రాళ్లకుప్ప కనిపించింది. పశువుల కాపరులెవరో పేర్చి ఉంటారు.

"వచ్చేశాం నాన్నా. ఇదే శిఖరం" అనేసింది.

"అలాగా? మనవాళ్ల అలికిడే లేదే."

"వాళ్లు అప్పుడే అవతలివైపు దిగిపోయారు."

"అలాగా" అన్నాడు మళ్లీ. "ఏం కనిపిస్తోంది?"

కనిపిస్తున్న చెరువుకి కనిపించని రైలు కట్టను జోడించి చెప్పింది. చెబుతుంటే చెవులు వేడెక్కాయి. ఏడేళ్ల పిల్లను ఒక్క అడుగు కూడా తగ్గించకుండా పైదాకా నడిపించిన మనిషి. ఆయన్ని నడికొండలో నిలబెట్టి ఇదే శిఖరమంటోంది. తూకంలో మోసం చేసేవాడైనా కళ్లున్నవాడినే మోసం చేస్తాడు. ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆయన గొంతుక్కూర్చుని కుప్పను తడిమాడు. పక్కనున్న బండనూ తడిమాడు. ముఖం వాడిపోయింది. జేబులోని వాగురాయిని బయటికి తియ్యలేదు. కుప్పలోని రాళ్లను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టసాగాడు.

తెలిసిపోయిందనుకుంది. శిఖరం మీది కుప్ప మనిషెత్తు ఉంటుందని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. ఇది మోకాలెత్తు కూడా లేదు. మావయ్యకే బ్యాడ్జి ఇవ్వని మనిషి తనను ఏమంటాడు? ఏమీ అనకపోతే మాత్రం ఇకముందు ఆ ముఖంలోకి చూసేదెలా? చూపు లేని ఆ ముఖాన్ని తప్పించుకోవడం మరీ సులువు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఇక దాచలేకపోయింది. పక్కన కూలబడింది.

"నాన్నా, నీకో నిజం చెప్పాలి."

"ముందు నన్ను చెప్పనీ తల్లీ" అంటూ ఆయన కుప్ప అడుగునుంచి వెతికి ఏదో తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. మట్టి పట్టిన పాలరాతి గుర్రం.