తోక దగ్గర వేలెడు

“ఇది నా గీత,” అంది మోమిలాని, ఇసుకలో పడుకోబెట్టిన, అలల మీద స్వారీ చేసే సర్ఫ్ బోర్డు అంచు మీద వేలు పెట్టి.

పక్కింటి కైపో అన్నం ముద్ద నములుతూనే నవ్వాడు. “చెక్కింది నేను. బోర్డు మీద పేరు నాది. గీతదేముందక్కా, ఎవరైనా గీస్తారు.”

“మూడు వారాలు కూర్చుని కోసుకున్న అచ్చు అది. నా షెడ్డు గోడ మీంచి కాగితం మీదికి దించుకున్నావు.”

“చూసి నేర్చుకున్నా. నువ్వేమైనా మీ అమ్మ కడుపులోనే నేర్చుకొచ్చావా?”

మకాహా సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. మోమిలాని విసురుగా ఇంటికొచ్చేసింది.

ఆ సాయంత్రమే పలుచటి చెక్క రేకు ఒకటి బల్ల మీద పరిచింది. మేకులు కొట్టి, వాటి చుట్టూ సన్నని బద్దను వంచి, పెన్సిలుతో సగం బోర్డు ఆకారం గీసింది; అచ్చును తిరగేస్తే రెండో సగం వస్తుంది. ముక్కు సరిగ్గానే గీసింది. నడుమూ సరిగ్గానే గీసింది. తోక దగ్గర మాత్రం వేలెడు వెడల్పు పెంచింది. రంపంతో కోసి, అంచు అద్దంలా వచ్చేదాకా గరుకు కాగితంతో రుద్దింది. చూస్తే ముద్దొస్తుంది. పెద్ద అల ఎక్కితే తోక పట్టు వదిలేస్తుంది.

పాత అచ్చు తీసేసి, దాన్ని షెడ్డు గోడకు తగిలించి కైపో గుమ్మంలోకి వెళ్లింది.

“హీలోలో చెల్లెలింటికి పోతున్నా. నాలుగు రోజులు మా కుక్కకి తిండి పెడతావా?”

“అదెంత పని? తాళం ఇచ్చి వెళ్లక్కా.”

తిరిగొచ్చేసరికి అచ్చు అంచునిండా కొత్త పెన్సిలు మసి. మోమిలానికి ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

రెండు నెలలకు పోటీలొచ్చాయి. అలలు ఇంటెత్తున లేస్తున్నాయి. కైపో చేసిన బోర్డులు పన్నెండు నీళ్లలో ఉన్నాయి. మొదటివాడు అల మీద తిరగబోయి జారాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు పడితే ఒడ్డంతా ఉసూరుమంది. మోమిలాని మాత్రం చల్లగా కొబ్బరినీళ్లు తాగింది. నలుగురైదుగురు తడిబట్టలతోనే బోర్డులు చంకన పెట్టుకుని, మొహాలు ముడుచుకుని ఒడ్డెక్కుతున్నారు.

ఆమె తీరిగ్గా కైపో పక్కకు చేరింది. “ఏం తమ్ముడూ, గీత కుదరలేదా?”

కైపో తల ఎత్తలేదు. “నీ ముందు దాపరికమెందుకక్కా. నువ్వు లేనప్పుడు మళ్లీ నీ అచ్చే దించుకున్నా. అడగడానికి మొహం చెల్లలేదు. కానీ నువ్వు ఆ రోజు అన్న మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈసారి నా పేరు తీసేసి, పన్నెండింటి మీదా నీ పేరే రాయించాను.”