మొండి మసి

"గుళ్ళు ఎక్కడ పడుతున్నాయి?" అడిగాడు ఫిట్టరు.

"ఎక్కడ పడకూడదో అక్కడ," అంది లెక్కల టీచరు, రైఫిలు పెట్టె బల్ల మీద పెడుతూ.

రేపు పొద్దున్నే జట్టు ఎంపిక పోటీ. ఉన్నవి మూడు చోట్లు. రెండేళ్ళుగా ఆమె నాలుగో స్థానంలోనే ఆగిపోతోంది. ఈ నెలలో అదీ గల్లంతయింది. తొమ్మిది గుళ్ళు బుద్ధిగా నల్లచుక్క మధ్యలో పడితే, పదోది ఎటో దారితప్పి పోతోంది.

పెళ్ళయిన రెండో ఏడు ఇద్దరూ కలిసి కొన్న రైఫిలది. కాల్చడం ఆమె వంతు, గొట్టం శుభ్రం చెయ్యడం అతని వంతు. పంపుల కంపెనీలో ఫిట్టరు కాబట్టి ఇనుముతో ఎలా మెలగాలో అతనికి తెలుసు. మనుషులతో అంతగా తెలియదని ఆమె అభిప్రాయం.

అతను బోల్టు ఊడదీసి, లోపల గుండు లేదని రెండుసార్లు చూసుకుని, వెనకవైపు నుంచి సన్నటి కెమెరా దించాడు. ఫోను తెరమీద గొట్టం లోపలి భాగం కనబడింది. గుండు కూర్చునే గది దాటగానే చుట్టూరా నల్లటి వలయం. పళ్ళకి పట్టిన గారలా కరుడుగట్టి ఉంది.

"ఎన్నాళ్ళయింది దీన్ని సరిగ్గా శుభ్రం చేసి?"

"మీరడగలేదు. నేను చెప్పలేదు."

ఏడాదిన్నరగా ఇద్దరి మధ్యా మాటలు అంతంతమాత్రమే. ఎవరు ముందు తగ్గాలన్న దగ్గరే బండి ఆగిపోయింది.

అతను గొట్టం మూతి దగ్గర వేలితో తడిమి చూశాడు. "ఇటువైపు నుంచి కడ్డీ దూర్చకూడదు. ఎవరీ పని చేసింది?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "ఎవరో సాయం చేద్దామనుకున్నారు లెండి."

"చేతగాని సాయం."

"చేతనైనవాళ్ళు పట్టించుకోకపోతే అదే దిక్కు."

అతను పనిలో పడ్డాడు. మసి వదిలించే మందులో గుడ్డముక్క తడిపి, కడ్డీకి తగిలించి, గొట్టంలోకి తోశాడు. పావుగంట నాననిచ్చాడు. కంచు బ్రష్షుతో రుద్దాడు. గుడ్డముక్కలు నల్లగా బయటికొస్తున్నాయి. వలయం మాత్రం ససేమిరా అంటోంది. మందు ఘాటుకి ఇద్దరి ముక్కులూ అదిరిపోతున్నాయి. ఆమె లేచి కిటికీలన్నీ బార్లా తెరిచింది.

"చాన్నాళ్ళకి వచ్చావా అమ్మాయ్?" లోపలి గదిలోంచి అతని తల్లి గొంతు.

"వచ్చానత్తయ్యా. మోకాళ్ళెలా ఉన్నాయి?"

"ఉన్నాయి. రెండూ."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కాసేపు గిన్నెల చప్పుడు.

"టీపొడి డబ్బా ఏదండీ?"

"పై అరలో పెట్టా. అమ్మ వంగలేకపోతోంది."

టీ వచ్చింది, తాగడం అయిపోయింది. గోడ గడియారం నాలుగు కొట్టింది. మళ్ళీ మందు, మళ్ళీ బ్రష్షు, మళ్ళీ కెమెరా. వలయం వీసమెత్తు కరగలేదు. అతని తలప్రాణం తోకకొచ్చింది.

"వదిలెయ్యండి," అంది ఆమె. "రేపు ఎలాగో కాల్చుకుంటా."

"సగం పని చేసి వదిలెయ్యడం నాకు చేతకాదు."

"అదొక్కటీ నిజమే."

చివరికి అతను సొరుగులోంచి మెరుగుపెట్టే ముద్ద ఉన్న సీసా తీశాడు. దాన్ని చూడగానే ఆమె మొహం వాడిపోయింది. గరుకు ముద్ద అది. మసితో పాటు ఉక్కునీ అరగదీస్తుంది. వెంట్రుకవాసి ఎక్కువ రుద్దితే గొట్టం మరి పనికిరాదు.

"పాడైపోతే?"

"పాడవదు."

"మీరెప్పుడూ పాడవదనే అంటారు."

అతను సీసా మూత తీశాడు. గుడ్డ బిగుతుగా చుట్టి, కొంచెం ముద్ద రాసి, కడ్డీ మీద పెన్సిలుతో గీత పెట్టుకున్నాడు. ఆ గీత దాటకుండా పదిసార్లు ఆడించాడు. తుడిచి చూశాడు. మళ్ళీ పది. మళ్ళీ చూశాడు. ఆమె లెక్కపెడుతోంది. యాభై దగ్గర అతను ఆగాడు.

"చూడు."

ఇద్దరూ ఫోను మీదికి వంగారు. నల్లటి వలయం ఉన్నచోట బూడిదరంగు ఉక్కు నిగనిగలాడుతోంది. తలలు రెండూ దాదాపు తగిలేంత దగ్గరగా వచ్చాయి. ఎవరూ వెంటనే వెనక్కి జరగలేదు.

"ఆ చొక్కాకి బొత్తాం ఊడింది," అంది ఆమె. "కుట్టించుకోండి."

"శుభ్రం చేసిన గొట్టం మొదట్లో తికమకపడుతుంది," అన్నాడతను. "పోటీ మొదలయ్యేముందు పది గుళ్ళు ఊరికే కాల్చు."

ఆమె రైఫిలు పెట్టెలో పెట్టి మూత వేసింది. "రేపు వస్తారా?"

"సెలవు దొరికితే."

సెలవు దొరికింది.

షూటింగ్ రేంజిలో అతను అందరికంటే వెనక వరసలో కూర్చున్నాడు. ఆమె చాప మీద బోర్లా పడుకుని పది గుళ్ళు ఊరికే కాల్చింది. తర్వాత అరవై లెక్కకి కాల్చింది. ఒక్కటీ దారితప్పలేదు. ఆరువందలకి ఐదువందల తొంభైఆరు. బోర్డు మీద ఆమె అంకె మూడో వరసలో వెలిగింది. పక్కవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అతను ఊపిరి వదిలాడు.

చప్పట్లు ఆగకముందే ఆమె జనాన్ని తోసుకుంటూ తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"రైఫిలు మీ మాట విందండీ," అంది.

"వింటుంది," అన్నాడతను. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఆమె వెనక్కి తిరిగి, తన చాపా నీళ్ళ సీసా పట్టుకుని వస్తున్న కళ్ళద్దాలాయన్ని చెయ్యి పట్టుకుని ముందుకి లాగి, "ఈయన మావారు," అని ఫిట్టరుకి పరిచయం చేసింది.